కంట్ల పోసిన మందుకు లెక్క చెప్పాలె
(దుండిగల్ వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేము కండ్ల ఆపరేషన్ గురించి మాట్లాడతం. శుక్లం వస్తే ఆపరేషన్ చేయించుకోవాలె, భయపడొద్దు. కానీ కంట్ల ఏ మందు పోసిండ్రో, ఎంత పోసిండ్రో అడగాలె.

ఆపరేషన్ చివర కంట్ల చీము పట్టకుండ సెఫురాక్సిమ్ వంటి యాంటీబయాటిక్ వేస్తరు. కంటికి కావలసింది 1 మిల్లీగ్రాము. సీసాలో 750 మిల్లీగ్రాముల పొడి ఉంటది. అది నరానికి, కండకు ఇచ్చే సూది మందు. దాన్ని రెండు విడతలుగ పలచన చేయాలె. లెక్కల ఒక్క సున్నా తప్పితే పది రెట్ల మందు పడుతది. కంటి వెనక తెర ఉబ్బుతది, చూపు మసకబారుతది. జెంటామైసిన్ మోతాదు మించి లోపలికి పోతే ఆ తెరకు నెత్తురు అందదు. పోయిన చూపు మళ్ల రాకపోవచ్చు.

మోతాదు సరిగ్గున్నా సీసా చెడ్డదైతే? 2016 జూన్ నెలాఖరుల హైదరాబాద్ సరోజినీదేవి కంటి దవాఖానల ఆపరేషన్ అయిన 13 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. వాడిన సెలైన్ల క్రిములున్నట్టు పరీక్షల్ల తేలింది. కొందరికి ఆ కంటి చూపే పోయింది. వాళ్లంతా పేదోళ్ల దవాఖానను నమ్ముకొని పోయినోళ్లే.

"ఫుక్కట్ ఆపరేషన్, నీకెందుకు లెక్క" అంటరు. ఎక్కడి ఫుక్కట్? సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా మనం పన్ను కడుతున్నం. 2002 వైద్య నియమావళి ప్రకారం రోగి అడిగితే 72 గంటల్ల కేసు కాగితాలు ఇయ్యాలె. కొందరి దగ్గర పైసలు తీసుకొని కొందరికి ఉచితంగ చేసే దవాఖానల్ల, ఉచిత రోగి కూడ వినియోగదారుల కోర్టుకు పోవచ్చని 1995ల సుప్రీంకోర్టు చెప్పింది.

మన అవ్వ వేలిముద్ర వేస్తది. ఆ కాగితంల ఏమున్నదో ఆమెకు ఎవరు చదివి చెప్తున్నరు? అందుకే చదువుకున్న పిల్లలకు మేము చెప్పేది ఇది. అవ్వ వెంట మీరు పోండ్రి. కాగితం చదివి వినిపించి, అప్పుడే వేలిముద్ర వేయించుండ్రి. మందు పేరు, మోతాదు, సీసా బ్యాచ్ నంబరు చీటీ మీద రాయించుండ్రి. ఇంటికొచ్చినంక కన్ను నొచ్చినా, ఎర్రబడ్డా, చూపు తగ్గినా తెల్లారేదాక ఆగొద్దు, అప్పుడే దవాఖానకు తీసుకపోండ్రి. ఒక్కరు అడిగితే కసురుకుంటరు, వాడంతా అడిగితే రాసిస్తరు.

కండ్లు మనయి. లెక్క అడిగే హక్కు మనది. జై భీమ్!