వేషమును, మనిషియును
(సంఘసభలో గావించిన ప్రసంగము)



తరతరములుగా ఈ గౌతమీతీరమున కాపురముండు మనకు నాటకము క్రొత్త గాదు. రాత్రి రాజువేషము కట్టినవాడు తెల్లవారిన మన పొరుగువాడే యని ఎరుగుదుము. రాజకీయరంగమున మాత్రము ఈ భేదమును తరచుగా మరచుచున్నాము. దీనినిగూర్చియే మేము నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ముందు దూరదేశముల సంగతి. 1960 సెప్టెంబరు 26వ తేదీన అమెరికాలో కెనెడీ, నిక్సన్‌లు టెలివిజనులో వాదమునకు దిగిరి. ఆసుపత్రినుండి వచ్చి మూడువారములైనను నిండని నిక్సన్, రంగులద్దువారి సేవ వలదని, పాలిపోయి కనబడెను. నాటి వాదములు నేడెందరికి జ్ఞాపకమున్నవి? ఆ మొగములు మాత్రము జ్ఞాపకమున్నవి. బ్రిటనులో ప్రధాని హెరాల్డ్ విల్సన్ జనులయెదుట పైపు కాల్చెడివాడు. ఇంటిలో చుట్టయే ప్రియమని చెప్పుదురు.

మనవారిని చూతము. ప్రకాశం పంతులుగారు 1928లో చెన్నపట్టణమున సైమన్ సంఘ బహిష్కరణనాడు తుపాకుల యెదుట ఱొమ్ము చూపిరి. ఆంధ్రకేసరి యను పేరు చేతవలన నిలచినదే గాని వేషమువలన గాదు. అట్టివారి మంత్రివర్గము సైతము 1954 నవంబరులో ఒక్క ఓటుతో పడిపోయెను. పేరు పేరే, లెక్క లెక్కయే.

ఎన్.టి. రామారావుగారు తెరపై రాముడును కృష్ణుడును అయి, 1982 మార్చి 29న పార్టీ స్థాపించి, చైతన్యరథముపై ఊరూర తిరిగి, 1983 జనవరిలో అధికారము చేపట్టిరి. రూపము తలుపు తెరచెను. కిలో 2 రూపాయల బియ్యము పేదయింట నిలచెను. ఆయనయే 1989లో హిందూపురమున గెలిచి కల్వకుర్తిలో ఓడిరి. ఒకేమారు, ఒకే మొగము, రెండు తీర్పులు!

అట్టిదే మనయూర జరిగినది. 2021లో ఎన్. రంగస్వామిగారు తట్టాంచావడిలోను, యానాంలోను నిలచిరి. మోటారుసైకిలుపై తిరుగు నిరాడంబరుడని పుదుచ్చేరిలో ఆయనకు గొప్ప పేరు. అచ్చట గెలిచి ముఖ్యమంత్రి యైరి. ఇచ్చట మనము స్వతంత్రుడైన గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్‌గారిని ఎన్నుకొంటిమి. ఆ తీర్పు మంచిదా కాదా యని మేము చెప్పబోము. ఒకచోట పండిన పేరు మరియొకచోట పండకపోవచ్చునని మాత్రము తెలిసినది.

మనకు ఈ విషయము వినోదము గాదు. పుదుచ్చేరి శాసనసభలో ప్రజలెన్నుకొను స్థానములు 30, మనది ఒక్కటే. ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, తమిళము మాటలాడువారి నడుమ, మన బడి, మన ఆసుపత్రి, మన వరదగట్టు గూర్చి పలుకవలసినది ఆ ఒక్క నోరే. మొగము చూచి పొరబడితిమా, సరిదిద్దుటకు రెండవవాడు లేడు.

కనుక అభ్యర్థి మీ అరుగుపై కూర్చున్నప్పుడు దుస్తులు చూడుడు, నవ్వు చూడుడు, తప్పులేదు. పిమ్మట అడుగుడు: సభలో ఏమి పలికితిరి? ఏ అర్జీ వ్రాసితిరి? వరదనాడు ఫొటోలో నున్నవారు, నీరు తీసిన మూడవనాడు బురదలో నుండిరా? దూరపువారికి ఈ ప్రశ్నలకు వీలు లేదు. చిన్నయూరివారమగుటచే మనకున్నది.

వేషమును మెచ్చుకొందము. ఓటు మాత్రము మనిషికే వేయుదము.