మర్దనశాలలు - పీటా చట్టము



నేడు మన పట్టణములలో సందుసందునను "స్పా" యను పలక కన్పట్టుచున్నది. ఒడలికి నూనె పట్టించుట మనకు క్రొత్తది కాదు. దీపావళినాటి తలంటు నెఱుగని తెలుగిల్లు లేదు. బాలెంతకును, పసిబిడ్డకును నలుగుపెట్టు ముసలమ్మ ప్రతి పల్లెను నుండెడిది. ఆ పని యిల్లు విడిచి అంగడి కెక్కినది. దానివెంట చట్టమును వచ్చినది. అయితే అది మర్దనమును గూర్చిన చట్టము కాదు, పడుపువృత్తిని గూర్చినది. చిక్కంతయు నిచ్చటనే పుట్టినది.

జనులు "పీటా" యని పిలుచు నీ చట్టమును పార్లమెంటు 1956లో చేసినది, 1986లో సవరించినది. ఇది వ్యభిచారమునే నేరముగా నెంచినదని పలువురు తలచుచున్నారు. అది పొరపాటు. వ్యభిచార గృహమును నడపుట, పరుల పడుపు సొమ్ముపై బ్రదుకుట, స్త్రీలను తెచ్చి యందు దింపుట, బహిరంగముగా పిలుచుట - ఇవి నేరములు. గృహము నడపినవానికి మొదటి తప్పునకు 1 సంవత్సరము మొదలు 3 సంవత్సరముల వఱకు కఠిన శిక్ష. గుడికి, బడికి, ఆసుపత్రికి 200 మీటర్ల లోపల నీ వృత్తి సాగినచో స్త్రీకిని, ఆమెకడకు వచ్చిన పురుషునకును 3 నెలల వఱకు శిక్ష గలదు. పురుషుని ఇంత సూటిగా పేర్కొన్న సెక్షను ఇది యొక్కటే!

ఇక దాడి జరుగు తీరు చూడుడు. ప్రత్యేక పోలీసు అధికారి వారంటు లేకయే సోదా చేయవచ్చును. సాక్షులుగా ఊరి పెద్దమనుష్యు లిరువురు, వారిలో నొక స్త్రీ, వెంట ఇద్దరు స్త్రీ పోలీసులు నుండవలెనని విధి. మఱునాడు పత్రికలో మనము తఱచుగా చదువున దేమి? యజమాని పరారి. విటుని పేరు లేదు. కొంగుతో మొగము కప్పుకొన్న స్త్రీల ఛాయాచిత్రము మాత్రము పెద్దదిగా నచ్చుపడును. వారిలో మర్దనము నేర్చి జీతమునకు కుదిరిన దెవతె, మోసపోయి వచ్చిన దెవతె, తన యిష్టమున నున్న దెవతె యని యడుగు నోపిక ఆ ఛాయాచిత్రకారునకు లేదు. కాపాడితిమని చెప్పి తీసికొనిపోయిన స్త్రీ, మేజిస్ట్రేటు ఆజ్ఞపై, 1 సంవత్సరమునకు తక్కువ గాకుండ 3 సంవత్సరముల వఱకు రక్షణాలయమున నుండవలసి రావచ్చును. రక్షణ మనుమాట కింత పొడవైన గోడ యేల?

ఈ విషయమునే 2022 మే నెలలో సుప్రీముకోర్టు పట్టించుకొన్నది. తెలుగువారగు జస్టిస్ లావు నాగేశ్వరరావుగారు అధ్యక్షులుగా నున్న ధర్మాసనము, పోలీసు లీ స్త్రీలతో మర్యాదగా మెలగవలెననియు, పత్రికలు వారి పేళ్లను, రూపములను బయలుపఱుపరాదనియు, ఇష్టములేక రక్షణాలయములలో నున్న వయోజనస్త్రీల సంగతి విచారించి విడుదలకు పూనవలెననియు ఆదేశించినది. ఆ యుత్తరువు మన పత్రికాలయముల గోడలపై వ్రేలాడదీయదగినది.

వృత్తినే కట్టివేయజూచినవారును గలరు. 2021లో ఢిల్లీ ప్రభుత్వము పురుషునకు స్త్రీయు, స్త్రీకి పురుషుడును మర్దనము చేయరాదని నిబంధన పెట్టగా, ఆ సంవత్సరాంతముననే అచ్చటి హైకోర్టు దానిని నిలిపివేసినది. స్పాలలో కెమెరాలు పెట్టవలెనను వాదము మద్రాసు హైకోర్టున వచ్చినపుడు, అనుమాన మొక్కటియే ఒకరి దేహగోప్యమును హరింప జాలదని 2022 జనవరిలో నొక న్యాయమూర్తి తీర్పు చెప్పిరి. నడుమునొప్పికి పోయిన గుమాస్తాను, నొప్పి తీయు నేర్పరిని దొంగలవలె చూచుట న్యాయము కాదు. ఈ వృత్తికి శిక్షణము, లైసెన్సు, జీతపు లెక్క గల వేఱు శాసనము కావలెను. అది లేనంతకాలము మంచి అంగడికిని చెడ్డ అంగడికిని భేద మెఱుగు సాధనము పోలీసు బూటు ఒక్కటియే యగును.

మఱి విటుని మాట? 2014లో హైదరాబాదునందలి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, గృహము నడపుటకును, స్త్రీని దింపుటకును చెందిన సెక్షనులు విటునికి వర్తింపవని తలచినది. 2025లో కేరళ హైకోర్టు స్త్రీ సరకు కాదనియు, సొమ్మిచ్చి వచ్చినవాడు ఆమెను వ్యభిచారమునకు పురికొల్పినవాడే యనియు, 5వ సెక్షను క్రింద నతడు విచారణార్హుడనియు చెప్పినది. నాకు కేరళ మాటయే యుక్తముగా దోచుచున్నది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహిత మఱియు ముందునకు పోయినది. అక్రమ రవాణాకు లోనైనదని తెలిసియో, తెలియదగిన హేతువు గలిగియో ఒక స్త్రీని అనుభవించినవానికి 144వ సెక్షను 3 సంవత్సరములకు తగ్గని, 7 సంవత్సరముల వఱకు కఠిన శిక్ష విధించుచున్నది. "నాకు తెలియద"నుట యిక చాలదు. తలుపు బయట తాళము వేసియున్న గదిలోనికి పోయినవాడు తెలియదని యెట్లనగలడు?

అయినను బెజవాడలో పట్టుపడినవాడు 2014 నాటి తీర్పును చూపి బయటపడజూచును. తిరువనంతపురమున పట్టుపడినవాడు ముద్దాయి యగును. ఆ భేదమును పార్లమెంటైన తీర్పవలెను, సుప్రీముకోర్టైన తీర్పవలెను.