కత్తియు ఒరయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఈ గ్రంథాలయ దీపమును ఆరిపోనీయక కాపాడిన పెద్దలకు నా నమస్కారములు. ఈ శుభసమయమున శాస్త్రవిషయ మేదైన చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. మన వంటయింటను, పశువుల కొట్టమునను, పొలముగట్టునను నిత్యము కానవచ్చు విషయమునే ఎంచుకొంటిని.

ముదురు మాంసము ఎంతసేపటికిని ఉడుకకున్న, ఇల్లాలు అందులో పచ్చిబొప్పాయి ముక్క నొకటి వేయును. మాంసము మెత్తబడును. ఆ కాయ పాలలో పపేయిన్ అను ఎంజైము ఉన్నది. మాంసము, గ్రుడ్డు, పాలు, పప్పు మున్నగువానిలోని మాంసకృత్తులు పూసల దండలవంటివి. ఎమినో ఆమ్లములే ఆ పూసలు. పపేయిన్ వంటి ఎంజైములు పూసకును పూసకును నడుమ దండను త్రెంచును. వీటిని మనము కత్తులనుకొందము. ఈ కత్తులను పనిచేయనీయక పట్టి ఉంచు పదార్థములను నిరోధకము లందురు. వాటిని ఒరలనుకొందము. కత్తి లేనిదే బ్రతుకు సాగదు. ఒర లేని కత్తి బ్రతుకనీయదు. నేడు నేను చెప్పదలచినది ఈ ఒక్కమాటయే.

1836లో జర్మను శాస్త్రజ్ఞుడు థియొడార్ ష్వాన్ జీర్ణాశయ రసమున ఆహారమును కరగించు పదార్థమును కనుగొని దానికి పెప్సిన్ అని పేరు పెట్టెను. 1930లో అమెరికాలో జాన్ నార్త్రప్ దానిని స్ఫటికములుగా వేరుపరచి, అదియు మాంసకృత్తే యని చూపెను. 1946లో నోబెల్ బహుమానము పొందినవారిలో ఆయన యొకడు. అనగా కోయు కత్తియు, కోయబడు దండయు ఒక్క సరకుతోనే చేయబడినవి. మన దేహమును చాలవరకు ఆ సరకుతోనే కట్టబడినది గదా! మరి ఆ కత్తులు మనలను ఏల కోయవు?

క్లోమమును చూడుడు. అది ట్రిప్సిన్ అను కత్తిని పదును లేని రూపముననే తయారుచేయును. ఆ రసము చిన్నప్రేవులను చేరిన పిదప, అచ్చటి మరియొక ఎంజైము దాని కొనను కొంచెము త్రెంచును. అప్పుడే దానికి పదును వచ్చును. పొరపాటున క్లోమములోనే కొంత ట్రిప్సిన్ మేల్కొన్నచో, పట్టి ఆపుటకు అచ్చట ఒక నిరోధకము కావలి కాయుచుండును. ఈ కావలి చాలనప్పుడు క్లోమము తన్ను తానే జీర్ణించుకొనును. భరింపరాని కడుపునొప్పితో వచ్చు ఆ వ్యాధికి పిత్తాశయమున రాళ్లును, త్రాగుడును ముఖ్యకారణములు.

ఇక కొట్టములోనికి పోదము. మన పెద్దలు ఎడ్లకు ఉలవలను ఉడికించి పెట్టెడివారు. ఉడికిన గింజ మెత్తబడుటయే కాక, అందు మరియొక మేలు కలదు. ఉలవలు, కందులు, సోయాచిక్కుడు మున్నగు పప్పుజాతి గింజలలో ట్రిప్సిన్‌ను అడ్డగించు నిరోధకములు ఉన్నవి. పచ్చిగా తిన్నచో అవి కడుపులోని కత్తికి ఒర తొడుగును. తిన్న మాంసకృత్తులు ఒంటబట్టవు. 1917లో అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ అను ఇరువురు ఎలుకలకు సోయాచిక్కుడు పెట్టి పరీక్షించిరి. ఉడికించిన గింజలు తిన్నవి చక్కగా ఎదిగెను. పచ్చివి తిన్నవి ఎదుగలేదు. 1945లో కునిట్జ్ ఆ గింజలలోని నిరోధకమును స్ఫటికములుగా వేరుచేసెను. చక్కగా ఉడికించినచో దాని బలము చాలవరకు నశించును. కనుక పప్పును బాగుగా ఉడికించుట రుచికొరకు మాత్రమే కాదు, బిడ్డల పుష్టికొరకు కూడ.

మొక్క ఈ ఒరను మనమీద కోపముతో చేసికొనలేదు. తన్ను తిను పురుగునకు ఆహారము అరుగకుండుటకు చేసికొన్నది. టమాటా, బంగాళాదుంప ఆకులను పురుగు కొరికినచో, కొరుకని ఆకులలో సైతము ఇట్టి నిరోధకములు పెరుగునని 1972లో తేలినది. నోరులేని మొక్కయు ఆకునకు ఆకు హెచ్చరిక పంపుకొనుచున్నది!

ఇక పొలముగట్టు సంగతి. కొడవలి తెగినప్పుడు కొంతసేపటికి నెత్తురు గడ్డకట్టును. నెత్తురులో కొన్ని ఎంజైములు పదునులేక నిద్రించుచుండును. గాయము తగులగనే ఒకటి మరియొకదానిని లేపును. చివర మేల్కొన్న త్రాంబిన్ అనునది ఫైబ్రినోజన్ అను మాంసకృత్తును కోసి దారములుగా మార్చును. ఆ దారముల వలయే నెత్తురుగడ్డ. గడ్డ హద్దుమీరకుండ ఆపు నిరోధకములును నెత్తురులోనే ఉన్నవి.

రక్తపింజరి విషము ఈ కట్టుబాటును కూల్చును. అది నిద్రించు ఎంజైములను గాయముతో పనిలేకయే ఒక్కుమ్మడి లేపును. సరకంతయు వ్యర్థముగా ఖర్చయి, పిదప నెత్తురు గడ్డకట్టనే కట్టదు. చిగుళ్లనుండియు, మూత్రమునను నెత్తురు పోవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. ఆసుపత్రిలో వైద్యుడు కొంచెము నెత్తురును శుభ్రమైన పొడి గాజుగొట్టమున 20 నిమిషములు కదల్పక ఉంచి చూచును. అప్పటికిని గడ్డకట్టకున్నచో విషము నెత్తురు నంటినదని తెలిసికొనును. ఆ విషమును పట్టి బంధించు మందు పాము విషమునకు విరుగుడుగా ఇచ్చు సూదిమందు ఒక్కటియే. కావున పాము కరచినవానిని మంత్రములకును పసరులకును అప్పగించి గడియలు పోగొట్టకుడు. గట్టిగా త్రాడు బిగింపకుడు, గాటు పెట్టకుడు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. ఇంత విన్నవారు ఒక్క ప్రాణమును నిలిపినను నా ప్రసంగము సార్థకమే.

విషమే ఔషధమైన కథయు ఉన్నది. 1934లో ఇంగ్లండున మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనువారు, నెత్తురు గడ్డకట్టని పుట్టువ్యాధి గలవారి గాయములపై పలుచన చేసిన రక్తపింజరి విషమునే పూసి నెత్తురు నిలిపిరి. బ్రెజిలు దేశపు పింజరి విషమునందు కనుగొన్న నిరోధకము దారిచూపగా తయారైన కాప్టోప్రిల్ అను రక్తపుపోటు మందు 1981లో వాడుకలోనికి వచ్చెను. ఎయిడ్సు క్రిమికి తన మాంసకృత్తులను కోసికొను కత్తి యొకటి కలదు. దానికి ఒర తొడుగు మొదటి మందు 1995లో వచ్చెను. అట్టి మందులు ఇతర ఔషధములతో కలిసి లక్షలమందిని బ్రతికించినవి.

చుట్టలు కాల్చు పెద్దలకు ఒకమాట; నన్ను క్షమింతురు గాక! ఊపిరితిత్తులలో క్రిములను మట్టుపెట్టు తెల్లకణములకును ఒక కత్తి కలదు. అది ఊపిరితిత్తుల సాగుడు నారను కోయకుండ కాలేయము ఒక ఒరను చేసి పంపుచుండును. ఈ ఒర పుట్టుకతోనే కొరవడినవారికి ఊపిరితిత్తులు చెడునని 1963లో స్వీడనున లారెల్, ఎరిక్సన్ అనువారు తెలిపిరి. పొగ చేయునదేమనగా, ఆ తెల్లకణములను మరింతగా రప్పించును. ఉన్న ఒరను చెడగొట్టును. రెండు విధముల నష్టము!

కత్తిని నిందింపవలదు, ఒరను మరువవలదు. ఈ జ్ఞానము పట్టణములలోని ప్రయోగశాలలలో పుట్టినను, దాని అవసరము మన పొయ్యికడను, మన గట్టుమీదను ఉన్నది. దానిని తెలుగుమాటలలో ఊరికి చేర్చునది గ్రంథాలయము. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ చూచుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.