పటంలో ఊరు ఉంది, వాడ ఎక్కడ?

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిత్రులారా, 2011 జనాభా లెక్కల్లో ప్రతి గ్రామానికీ ఎస్సీ జనాభా ఎంతో ఉంటుంది. గ్రామ వసతుల పట్టికలో కుళాయి నీరు ఉందా లేదా అన్నదీ ఉంటుంది. అక్కడ 'ఉంది' అని రాసి ఉందనుకోండి. ఎవరికి ఉంది? ఊళ్లోనా, వాడలోనా? ఆ ప్రశ్నకు పట్టికలో గడి లేదు. మహాడ్‌లో చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నామని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. ఆ నీళ్లు తాగడానికి 1927లో బాబాసాహెబ్ వేలమందితో నడవాల్సి వచ్చింది. కాగితం మీద 'ఉంది' అన్న మాటకు మన అనుభవంలో ఉన్న విలువ అది.

డిజిటల్ పటాల మీద పనిచేసే పరిశోధకుడిగా నేను చెప్పేది ఒక్కటే. ఏ ఒక్క డేటా కూడా వాడను చూపించదు. నాలుగు కలిపితే చూపించగలం.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దారులున్నాయి. గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్‌లో ఉపగ్రహ చిత్రాల నుంచి గీసిన ఇళ్ల ఆకారాలున్నాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన విడుదల చేసిన డేటాలో 10 లక్షలకు పైగా ఆవాసాలు చుక్కలుగా ఉన్నాయి. జనాభా లెక్కలు సరేసరి. వీటిని ఒకదానిపై ఒకటి పరిస్తే ఇళ్ల గుంపు ఉండి పేరు లేని చోటు, ఇళ్లుండి దారి లేని చోటు బయటపడతాయి. అవన్నీ వాడలే అని అనలేం. అక్కడికి వెళ్లి అడగాలి. ఎక్కడికి వెళ్లాలో మాత్రం పటం చెబుతుంది.

కలపడంలో చిక్కులున్నాయి. మొదటిది పేర్లు. ఒకే ఊరి పేరును ఒక్కో శాఖ ఒక్కో తీరుగా రాస్తుంది. 2011 తర్వాత తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. కులాన్ని సూచించే వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర 2020లో నిర్ణయించింది. అది మంచి నిర్ణయమే. అయితే పేరు పట్టుకుని డేటా కలిపేవాడికి ఆ వాడ మళ్లీ తప్పిపోతుంది. అందుకే పేరుతో కాదు, గ్రామ కోడ్‌తో కలపాలి. పాత పేరును గౌరవంగా పక్కన పెట్టి, కోడ్‌ను నిలుపుకోవాలి.

రెండోది లైసెన్స్. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో కలిపి తయారుచేసిన డేటాబేస్‌ను బయటపెడితే అదే షరతుల కింద అందరికీ ఇవ్వాలి. గూగుల్ ఇళ్ల డేటాను ఆ లైసెన్స్ కిందా ఇస్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. ప్రతి డేటాకూ ఇది ముందే చూసుకోవాలి.

మూడోది దూరం. వాడ నుంచి బడికి సరళరేఖ గీసి అరకిలోమీటరు అంటారు. పిల్లలు సరళరేఖలో నడవరు. మధ్యలో ఎవరి పొలముంది, ఏ వీధిలోంచి మనవాళ్లను నడవనివ్వరు, చుట్టూ ఎంత తిరగాలి? ఉపగ్రహానికి గట్టు కనబడుతుంది గానీ, కట్టుబాటు కనబడదు. దాన్ని చెప్పగలిగింది ఆ దారిన నడిచేవాళ్లే. కెన్యాలో కిబేరా బస్తీ యువత 2009లో తమ పటం తామే గీసుకున్నారు. మన యువత ఎందుకు గీయకూడదు?

ఒక హెచ్చరిక. వాడను పటంలో పెట్టడం వేరు, ఇంటింటికీ కులం గుర్తు వేయడం వేరు. దాడి చేసేవాడికీ పటం పనికొస్తుంది. కాబట్టి బడి, బోరు, దారి, శ్మశానం గుర్తిద్దాం. ఏ ఇంట్లో ఎవరున్నారో వద్దు. వాడకు ఏ పేరు పెట్టాలో వాడవాళ్లే చెప్పాలి.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సిందీ ఉంది. వసతుల లెక్క గ్రామం దగ్గర ఆగిపోకుండా ఆవాసం దాకా రావాలి. శ్మశానానికి పోయే దారి పటంలో లేకపోతే, రేపు భూసేకరణ రోజున ఆ నేలను ఖాళీ జాగా అంటారు. అప్పుడు వాదించడం కంటే ఇప్పుడే గీసి పెట్టుకోవడం మేలు.

మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ వాడ నుంచి బడి దాకా నడవండి. ఆ దారిని నమోదు చేయండి.

జై భీమ్.