భూగర్భ రహస్యము

ఆకాశమున కోట్ల మైళ్ల దూరమందున్న నక్షత్రములను కన్నులార చూడగలుగుచున్న మనము, మన కాళ్లక్రిందనున్న భూమి లోపలికి పోయినది బహు స్వల్పము. కోలారు బంగారు గనులలో మూడు కిలోమీటర్లకు పైగా దిగిరి. 2001లో అవి మూతపడినవి. రష్యాలోని కోలా ద్వీపకల్పమున 1970లో మొదలిడి, 1989 నాటికి 12,262 మీటర్ల లోతునకు ఒక రంధ్రమును తొలిచిరి. అచ్చట వేడిమి 180 డిగ్రీలు! ఆపైన పని సాగలేదు. భూకేంద్రమో, సుమారు 6,370 కిలోమీటర్లు. మామిడిపండుతో పోల్చినచో మనమింకను తొక్కనైనను దాటలేదన్నమాట.

మరి లోపలి సంగతి తెలిసినదెట్లు? వైద్యుడు రోగి రొమ్ముపై వ్రేళ్లతో తట్టి, ఆ చప్పుడును బట్టి లోపలి స్థితిని గ్రహించును గదా! భూమిని అట్లు తట్టునది భూకంపము.

1897 జూన్ 12న అస్సామును కుదిపిన భూకంపమున షిల్లాంగులోని రాతికట్టడములు నేలమట్టమైనవి. సుమారు పదునైదువందల మంది మరణించిరి. చెప్పుటకు విచారకరమే గాని, ఆ విపత్తే భూగర్భమునకు తలుపు తెరచినది. భారత భూగర్భ పరిశోధన శాఖలోని ఓల్డ్‌హాం, దూరదేశపు యంత్రములు గుర్తించిన ఆ కంపనలను పరిశీలించి, తరంగములలో రకములున్నవని కనుగొనెను. రాతిని నొక్కుచు వదలుచు పోవునది ముందుగా వచ్చును. ప్రక్కలకు ఊగించునది వెనుక వచ్చును. దీనికి ద్రవములలో దారి లేదు. 1906లో ఆయనయే, భూమి నడుమ వేరొక కేంద్రగోళము కలదని ప్రకటించెను.

పై పెంకునకు దిగువ, 2,900 కిలోమీటర్ల లోతు వరకు నున్నది ప్రావారము. అది కరగిన రాయియని పలువురు తలతురు, కాదు, ఘనమే. అయినను లక్షల ఏండ్లమీద మెల్లగా ప్రవహించును. దానిపైనున్న మన దేశపు ఫలకము ఏటేట సుమారు ఐదు సెంటీమీటర్లు ఉత్తరమునకు జరుగుచున్నది. అస్సాము భూకంపములకు మూలమిదియే.

దానిక్రింద ద్రవరూపమైన ఇనుము, కొంత నికెలు. అచ్చటితో కథ ముగిసినదనుకొనుచుండగా, 1929లో న్యూజిలాండు భూకంపపు తరంగములు కొన్ని, రాగూడని చోట్ల కనిపించినవి. ఇంగె లేమన్ అను డెన్మార్కు విదుషి ఆ లెక్కలను చీటీలపై వ్రాసి, ఓటు అటుకుల అట్టపెట్టెలలో సర్దుకొని పరిశీలించెనట! ఈ మాట మాకెంతో ముచ్చట గొలుపును. ద్రవము నడుమ మరియొక గోళము కలదని 1936లో ఆమె తేల్చెను. దాని వ్యాసార్ధము సుమారు 1,220 కిలోమీటర్లు. వేడిమి ఐదువేల డిగ్రీల పైమాటయే. అయినను పైబరువు నొక్కిడిచే అది ఘనము.

ద్రవమునుండి ఇనుము కొంచెము కొంచెముగా గడ్డకట్టి ఆ గోళముపై పేరుకొనుచున్నది. అప్పుడు వెలువడు వేడిమియు, విడివడు తేలిక పదార్థములును ఆ ద్రవమును కలచుచుండును. ఆ కలతనుండియే భూమికి అయస్కాంతశక్తి. నావికుని దిక్సూచిని ఉత్తరమునకు త్రిప్పునది, సూర్యునినుండి దూసుకొనివచ్చు విద్యుత్కణములలో అధికభాగమును ప్రక్కకు మళ్లించునది ఆ శక్తియే.