పాత చీటీకి పాత పుస్తకమే



కొన్ని గ్రంథాలయములందు చదువరి తానే బీరువా తెఱవడు. చీటీపై సంఖ్య వ్రాసి యిచ్చును. గ్రంథపాలకుడు పుస్తకము తెచ్చి యిచ్చును. కంప్యూటరునందును ఇట్టి యేర్పాటే కలదు. అందలి ప్రోగ్రాములు డిస్కును స్వయముగా ముట్టరాదు. కెర్నెల్ అను పాలకునికి సంఖ్యతో గూడిన విన్నపము పంపవలెను. దానినే సిస్టమ్ కాల్ అందురు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ కెర్నెల్‌లో, 32 బిట్ల ఎక్స్86 యంత్రముల పట్టీయందు 3 అనగా చదువుట. 64 బిట్ల పట్టీయందు అదే 3 అనగా మూయుట. పట్టీలు తారుమారైనచో చదువగోరినవాని పుస్తకము మూతపడును గదా! కావుననే యిచ్చిన సంఖ్యను మార్చరాదనియు, కెర్నెల్ క్రొత్తదైనను పాత ప్రోగ్రాము నడువవలెననియు అచట కట్టుబాటు.

అయితే, సంఖ్య మారకున్నను చిక్కు రావచ్చును. 2019లో 5.3వ కూర్పు సిద్ధమగుచుండగా, ఎక్స్ట్4 అను ఫైలు వ్యవస్థలో డిస్కు పనిని తగ్గించు సవరణ యొకటి చేరెను. మేలైన సవరణయే. కాని కొన్ని యంత్రములు ఆరంభముననే నిలిచిపోయెను!

కారణమేమి? గెట్‌రాండమ్ అను సిస్టమ్ కాల్ ఎవ్వరును ఊహింపజాలని అంకెల నిచ్చును. అందులకు వలసిన యాదృచ్ఛికతను కెర్నెల్ డిస్కు మొదలగు పరికరముల కదలికలనుండి కూర్చుకొనుచుండెను. డిస్కు పని తగ్గగా ఆ కూడిక ఆగెను. అడిగిన ప్రోగ్రాము వేచియుండెను; దానికై తక్కినవి వేచియుండెను; అన్నియు వేచియుండగా కదలికయే లేకపోయెను.

ఇట్టి దోషమును పట్టుటకు ఒక ఉపాయము కలదు. సవరణల వరుసను నడుమ విఱిచి, దోషము ఏ సగమున నున్నదో పరీక్షించి, ఆ సగమును మరల విఱువవలెను. వేయి సవరణలున్నను పది పరీక్షలు చాలును. ఈ విధముననే ఆ సవరణ దొరికెను.

ఇపుడు తీర్పేమి? సవరణలో తప్పు లేదు. ప్రోగ్రామే తొందరపడి అడిగినదని వాదింపవచ్చును. అయినను టోర్వాల్డ్స్ 5.3 వెలువడుటకు ముందే ఆ సవరణను వెనుకకు దీసెను. నిన్న నడిచినది నేడు నిలిచినచో, లోపము కెర్నెల్‌దే యని ఆయన నిర్ణయము. పిదప 5.4వ కూర్పులో, యాదృచ్ఛికత చాలనపుడు కెర్నెలే దానిని పుట్టించుకొనునట్లు ఏర్పఱచి, ఆ మంచి సవరణను మరల చేర్చిరి.

సోదరులారా! అభివృద్ధి వలదని దీని భావము కాదు. నమ్మి వచ్చినవానికి దారి చూపిన పిమ్మటనే పాత దారి మూయవలెనని భావము. బీరువాలు ఎన్నిమార్లు సర్దినను, పాత చీటీతో వచ్చిన చదువరి వట్టిచేతులతో మరలిపోరాదు.