బ్రౌను బంగళా, భిలాయి నక్షా

1820లో కడప చేరిన సీపీ బ్రౌను అక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూసి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ కట్టలు నేటికీ మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఎంత ఓపిక!

కట్టడాల నక్షాలను భద్రపరచడానికీ అదే ఓపిక కావాలి.

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ కాలపు నీలి నక్షాలు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. మడత పెట్టినచోట చిరుగుతాయి. క్షారం కూడా వాటి నీలాన్ని చెరుపుతుంది. అందుకే ఆమ్లమూ క్షారమూ లేని కాగితాల నడుమ, చీకటి సొరుగుల్లో పరిచి ఉంచాలి.

రచయితల చిత్తుప్రతులనైతే కొట్టివేతలతో సహా, వాళ్లు పేర్చుకున్న వరసలోనే దాచాలి.